కుప్పం తీర్పు ఎందుకు మారదు?

పది ఎన్నికలు.. ఒకే పార్టీకి పట్టం
కులం లెక్కకు, సొంతూరి అభిమానానికి అందని ఓటు

కుప్పం: చిత్తూరు జిల్లా నైరుతి కొసన, కర్ణాటక, తమిళనాడు సరిహద్దుల నడుమ ఒదిగిన నియోజకవర్గం కుప్పం. కుప్పం, గుడుపల్లె, శాంతిపురం, రామకుప్పం మండలాలు దీని పరిధిలోకి వస్తాయి. గంగమ్మ జాతర మొక్కులు, పెద్దల మాట, ఊరి కట్టుబాటు నేటికీ బలంగా నిలిచి ఉన్న ప్రాంతమిది. 1983 నుంచి 2024 వరకు జరిగిన పది శాసనసభ ఎన్నికల్లోనూ ఇక్కడి ఓటర్లు తెలుగుదేశం అభ్యర్థినే గెలిపించారు. రాష్ట్రంలో ఆ పార్టీ ఘనవిజయం సాధించినప్పుడూ ఇదే తీర్పు, ఘోరంగా ఓడినప్పుడూ ఇదే తీర్పు. దీనిని అలవాటుగా కొట్టిపారేసేవారు కొందరైతే, అభిమానంగా చెప్పేవారు మరికొందరు. ఎన్నికల అంకెలను వరుసగా పరిశీలిస్తే మాత్రం ఈ రెండింటికీ అందని లెక్క ఒకటి కనిపిస్తుంది.

తొలి మలుపు 1983
తెలుగుదేశం రాకముందు కుప్పం ఏ ఒక్క పార్టీకీ కంచుకోట కాదు. కమ్యూనిస్టులనూ, కాంగ్రెస్ వారినీ గెలిపించిన చరిత్ర దీనికి ఉంది. 1982 మార్చి 29న ఎన్టీ రామారావు పార్టీని స్థాపించారు. తొమ్మిది నెలల్లోనే 1983 జనవరి ఎన్నికల్లో అధికారం చేపట్టారు. ఆ ప్రభంజనంలో కుప్పం నుంచి తెదేపా తరఫున ఎన్.రంగస్వామినాయుడు గెలుపొందారు. 1985లోనూ ఆయనే విజయం సాధించారు.

ఆ తొలి విజయాలు గట్టి పునాదిగా మారడానికి ప్రభుత్వ నిర్ణయాలు దోహదపడ్డాయి. కిలో రెండు రూపాయల బియ్యం మెట్ట రైతు, కూలీ ఇళ్లకు నేరుగా చేరింది. 1984లో మునసబు, కరణం వ్యవస్థ రద్దయింది. తరతరాలుగా భూమి లెక్కలు గుప్పిట్లో పెట్టుకున్న కుటుంబాల పెత్తనం దాంతో సడలింది. 1985లో మండలాలు ఏర్పడి కార్యాలయాలు పల్లెలకు దగ్గరయ్యాయి. ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు కల్పిస్తూ 1986లో చట్టం వచ్చింది. ఆచారాలను వదులుకోకుండానే పాత పెత్తనాన్ని వదిలించుకునే అవకాశం ఇక్కడి పేదలకు ఆ పార్టీ రూపంలో లభించింది. సంప్రదాయాన్ని పాటించే పల్లెలు కొత్త పార్టీ వైపు మొగ్గడంలోని మర్మం ఇదే.

సొంతూరు కాదు.. కులమూ కాదు
1989లో నారా చంద్రబాబునాయుడు తొలిసారి కుప్పం బరిలో నిలిచారు. ఆయన స్వగ్రామం నారావారిపల్లె తిరుపతి సమీపంలోని చంద్రగిరి మండలంలో ఉంది. 1978లో కాంగ్రెస్ అభ్యర్థిగా చంద్రగిరిలో గెలిచిన ఆయన, 1983లో అదే చోట తెదేపా అభ్యర్థి చేతిలో పరాజయం పాలయ్యారు. ఆ తర్వాతే మామ స్థాపించిన పార్టీలో చేరారు.

చంద్రగిరిలో 1994లో ఆయన సోదరుడు రామ్మూర్తినాయుడు తెదేపా తరఫున గెలిచారు. ఆ తర్వాత 1999 నుంచి 2019 వరకు జరిగిన అయిదు ఎన్నికల్లోనూ ఆ పార్టీకి అక్కడ ఓటమే ఎదురైంది. తిరిగి గెలిచింది 2024లోనే. సొంత నేల నిలబెట్టని చోట, పొరుగు నేల 1989 నుంచి వరుసగా ఎనిమిదిసార్లు ఆయనను గెలిపించింది. కనుక కుప్పం ఓటును సొంతూరి అభిమానంగా చెప్పడం కుదరదు.

కులం లెక్క కూడా ఇక్కడ పొసగదు. నియోజకవర్గంలో వెనుకబడిన వర్గాల వారే అధికం. అందులో వన్నెకుల క్షత్రియుల ఓట్లు కీలకం. వైకాపా ఈ లెక్కతోనే ఆ వర్గానికి చెందిన విశ్రాంత ఐఏఎస్ అధికారి చంద్రమౌళిని 2014, 2019లో పోటీకి నిలిపింది. 2024లో ఆయన కుమారుడు, ఎమ్మెల్సీ భరత్‌ను రంగంలోకి దించింది. గెలిపిస్తే మంత్రిని చేస్తామని కూడా ప్రకటించింది. మూడుసార్లూ ఫలితం మారలేదు.

ముఖ్యమంత్రే ఎమ్మెల్యే అయితే..
మరి కుప్పం వాసులు ఓటును దేనితో తూచారు? దీనికి సమాధానం కుప్పం ఉన్న చోటులోనే ఉంది. జిల్లా కేంద్రం చిత్తూరు కన్నా ఇక్కడివారికి కేజీఎఫ్, కృష్ణగిరి పట్టణాలే దగ్గర. రాష్ట్ర రాజధాని ఎక్కడున్నా ఈ మూలకు దూరమే. సాధారణ శాసనసభ్యుడి మాట అంతదూరం వినిపించడం కష్టం. 1995 సెప్టెంబరు 1న చంద్రబాబు ముఖ్యమంత్రి కావడంతో ఆ దూరం తగ్గింది. ఎమ్మెల్యేకు ఇచ్చే అర్జీయే ముఖ్యమంత్రికి ఇచ్చే అర్జీ అయింది.

1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఇక్కడ ఏర్పాటైంది. తర్వాత వైద్య, ఇంజినీరింగ్ కళాశాలలు వచ్చాయి. 1990ల రెండో భాగంలో ఇజ్రాయెల్ సాంకేతికతతో చేపట్టిన బిందు సేద్యం ప్రదర్శన క్షేత్రం దేశం దృష్టిని ఆకర్షించింది. ఖర్చు ఎక్కువని, చిన్న రైతుకు అందదని దానిపై విమర్శలూ వచ్చాయి. ఏమైనా, రాష్ట్రంలో ఎవరికీ పట్టని ఒక సరిహద్దు పట్టణానికి గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు చేజారకూడదన్న ఆలోచన ఓటుగా మారింది. 2004లో తెదేపా రాష్ట్రంలోని 294 స్థానాలకు గాను 47కే పరిమితమైనా, కుప్పంలో చంద్రబాబుకు 59 వేలకు పైగా ఆధిక్యం లభించడానికి కారణం ఇదే.

ఈ తరహా ఓటు కుప్పానికే పరిమితం కాదు. పులివెందుల 1978 నుంచి వైఎస్ కుటుంబం వెంటే ఉంది. హిందూపురం 1983 నుంచి తెదేపాను వీడలేదు. వానలు కరవై, పరిశ్రమలు అంతంతమాత్రమైన సీమలో నీరు, రోడ్డు, ఉద్యోగం ఏది కావాలన్నా పెద్ద నాయకుడి అండ తప్పదన్న భావన ఈ మూడు చోట్లా కనిపిస్తుంది.

మెజారిటీయే హెచ్చరిక
గెలుపు మారలేదు గానీ ఆధిక్యం మాత్రం నిలకడగా లేదు. 1989లో సుమారు 7 వేలతో మొదలైన ఆధిక్యం 1994లో 56 వేలు, 1999లో 65 వేలు దాటింది. 2009లో 46 వేలకు తగ్గింది. 2014లో 47 వేల వద్ద నిలిచింది. 2019లో 30 వేలకు పడిపోయింది. ఆ ఏడాది ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని 14 స్థానాల్లో 13 వైకాపా వశమయ్యాయి. తెదేపాకు మిగిలింది కుప్పం ఒక్కటే. ఆ ఒక్కటీ గట్టి మందలింపుతోనే దక్కింది.

ఎన్నికల వేళ రాష్ట్రమంతా తిరిగే అధినేత కుప్పానికి కేటాయించే సమయం తక్కువ. 2019లో ఆయన తరఫున స్థానిక నాయకులు, 2024లో భార్య భువనేశ్వరి నామినేషన్ పత్రాలు సమర్పించారు. నియోజకవర్గ వ్యవహారాలు ఇన్‌ఛార్జుల చేతుల మీదుగా సాగాయి. ఎమ్మెల్యేకు ఇక్కడ సొంత ఇల్లు కూడా లేదన్న ఎత్తిపొడుపును ప్రత్యర్థులు ఏళ్ల తరబడి వినిపించారు. శాంతిపురం మండలంలో నిర్మించిన ఇంటి గృహప్రవేశం 2025 మే నెలలో జరిగింది. తొలి గెలుపునకు, ఈ గృహప్రవేశానికి మధ్య 36 ఏళ్లు గడిచాయి. 2019 నాటి తగ్గుదల లేకుంటే ఆ ఇల్లు ఇప్పటికైనా లేచేదా అన్నది ఆలోచించదగిన ప్రశ్న.

స్థానిక పోరులో తిరగబడ్డ లెక్క
2021లో అంతకన్నా పెద్ద దెబ్బ తగిలింది. పంచాయతీ ఎన్నికల్లో వైకాపా మద్దతుదారులు అత్యధిక సర్పంచి పదవులు గెలుచుకున్నారు. నవంబరులో జరిగిన పురపాలక ఎన్నికల్లో 25 వార్డులకు 19 వైకాపా ఖాతాలో చేరగా, తెదేపా ఆరింటితో సరిపెట్టుకుంది. సంక్షేమ పథకాలకు ఇది ప్రజల ఆమోదమని వైకాపా ప్రకటించింది. దొంగ ఓట్లు, అధికార దుర్వినియోగమే కారణమని తెదేపా ఆరోపించింది. అప్పటి నుంచే ‘వై నాట్ కుప్పం’ నినాదం వైకాపా శ్రేణుల్లో మార్మోగింది. 2022 ఏప్రిల్‌లో జగన్ ప్రభుత్వం కుప్పాన్ని రెవెన్యూ డివిజన్ కేంద్రంగా చేసింది. అదే ఏడాది ఆగస్టులో చంద్రబాబు పర్యటన వేళ ఇరు పార్టీల శ్రేణుల మధ్య ఘర్షణలు చోటుచేసుకున్నాయి. 2023 జనవరిలో ఆయన పర్యటనను పోలీసులు అడ్డుకున్నారు.

2024లో శాసనసభ ఎన్నికలు వచ్చేసరికి ఓటర్లు మళ్లీ 48 వేలకు పైగా ఆధిక్యం కట్టబెట్టారు. ప్రభుత్వం మారాక 2025లో పురపాలక ఛైర్మన్ పీఠమూ తెదేపాకే దక్కింది. పులివెందులలోనూ ఇటువంటిదే జరిగింది. 2025 ఆగస్టులో అక్కడి జడ్పీటీసీ ఉప ఎన్నికలో తెదేపా గెలిచింది. ఈసారి అక్రమాల ఆరోపణ వైకాపా నుంచి వచ్చింది. వీధి దీపం, పింఛను, పనుల బిల్లు వంటి వాటికి రాష్ట్రంలో అధికారంలో ఉన్నవారితో సర్దుకుపోవడం, శాసనసభకు మాత్రం పాత బంధాన్ని నిలుపుకోవడం సీమ పల్లెల్లో కనిపించే తీరు. స్థానిక ఫలితాలు చూసి కోట కూలిందనుకున్నవారు ఈ తేడాను గమనించలేదు.

అసలు పరీక్ష నీరు, పని
కుప్పం రైల్వేస్టేషన్‌లో తెల్లవారుజామున బెంగళూరు రైలు కోసం నిలబడే కూలీలు, చిరుద్యోగులను చూస్తే ఇక్కడి అసలు సమస్య అర్థమవుతుంది. స్థానికంగా పని చాలక వారు పొరుగు రాష్ట్రానికి వెళ్లి రాత్రికి ఇల్లు చేరుతున్నారు. పాలారు ఈ ప్రాంతం మీదుగానే తమిళనాడులోకి ప్రవహిస్తుంది. దానిపై గణేశపురం వద్ద ఆనకట్ట కట్టాలన్న ప్రతిపాదన 2006లో అంతర్రాష్ట్ర వివాదంగా మారింది. మిగిలిన ఆశ హంద్రీ-నీవా కాలువే.

శ్రీశైలం జలాశయం నుంచి వందల కిలోమీటర్లు ప్రయాణించి రావాల్సిన కృష్ణా జలాల కోసం కుప్పం బ్రాంచి కాలువ పనులు 2014-19 మధ్య మొదలయ్యాయి. 2019 నాటికి అవి పూర్తికాలేదు. 2024 ఫిబ్రవరిలో జగన్ నీరు విడుదల చేశారు. అది ఎన్నికల ముందరి ఆర్భాటమేనని తెదేపా విమర్శించింది. 2025 ఆగస్టు 30న చంద్రబాబు కృష్ణా జలాలకు హారతి ఇచ్చారు. ఇద్దరు ముఖ్యమంత్రులు ఒకే కాలువ వద్ద పోటీపడి పూజలు చేయడం వెనుక ఉన్నది ఇక్కడి ఓటు విలువే.

కోటలు శాశ్వతం కావని చరిత్ర చెబుతోంది. దశాబ్దాలుగా నెహ్రూ-గాంధీ కుటుంబాన్ని ఆదరించిన అమేఠీ 2019లో రాహుల్‌గాంధీని ఓడించింది. నాలుగు దశాబ్దాలుగా కుప్పం వాసులు పెద్ద నాయకుడికి అండగా నిలిచి, ఆయన పలుకుబడిలో తమ వాటా కోరుతున్నారు. వాటా తగ్గిందనుకుంటే ఆధిక్యం తగ్గించి హెచ్చరిస్తున్నారు. కాలువ చివరి చెరువుకు ఏటా నీరు చేరుతుందా, తెల్లవారుజాము రైలెక్కే యువతకు ఊళ్లోనే పని దొరుకుతుందా అన్నదే ఇకపై వారి కొలమానం కానుంది.