మదనపల్లెలో ఐర్లాండ్ టీచరమ్మ

బుచ్చిరెడ్డిపాలెం వాళ్లకి కొండ అంటే టూరే. మన చుట్టూ వరి మళ్లు, కనిగిరి రిజర్వాయర్ కాలవలు. అందుకే ఎవరైనా నేపాల్‌లోనో జార్జియాలోనో ఓ చిన్న కొండ ఊర్లో వాలంటీర్‌గా ఉంటూ రీల్ పెడితే వేలు ఆగిపోతుంది. మంచు, చెక్క ఇళ్లు, చుట్టూ పిల్లలు. ‘మనం కూడా పోతే ఎంత బాగుంటుందబ్బా’ అనిపిస్తుంది.

మనకి వాలంటీర్ అంటే మొన్నటిదాకా పొద్దున్నే పింఛను డబ్బులు తెచ్చిచ్చే అబ్బాయో అమ్మాయో. ఇది వేరే సంగతి. దేశం దాటి, తెలియని భాష మధ్య, నెలల తరబడి ఉండి పనిచేయడం. అలా ఉంటే రోజు ఎలా గడుస్తుంది? మనవల్ల ఆ ఊరికి నిజంగా ఏమైనా ఒరుగుతుందా?

దీనికి జవాబు కోసం నేపాల్ దాకా పోనక్కర్లేదు. నెల్లూరు నుంచి తిరుపతి మీదుగా బస్సెక్కితే చాలు, మదనపల్లె వస్తుంది. వందేళ్ల కింద అక్కడికి ఐర్లాండ్ నుంచి ఒక జంట వచ్చింది. అప్పట్లో వాళ్లని ఎవరూ వాలంటీర్లు అనలేదు గానీ వాళ్లు బతికిన తీరు మాత్రం అదే.

టమాటాల ఊరికి ముందు

ఇప్పుడు మదనపల్లె అంటే టమాటా మార్కెట్. 1916లో అది రాయలసీమ కొండల మధ్య చిన్న ఊరు. సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు, చల్లటి గాలి. క్షయ రోగులకి ఆ గాలి మంచిదని ఆ రోజుల్లోనే ఊరి పక్కన ఆరోగ్యవరం శానటోరియం వచ్చింది. దాన్ని నడిపిన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్‌ది డెన్మార్క్. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది కూడా మదనపల్లెలోనే.

అనీబిసెంట్ పిలుపు మీద జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ 1915లో ఇండియా వచ్చారు. జేమ్స్ కవి. మద్రాసులో బిసెంట్ పత్రిక ‘న్యూ ఇండియా’లో చేరారు. 1916లో ఐర్లాండ్‌లో బ్రిటిష్ వాళ్ల మీద తిరుగుబాటు జరిగితే దాన్ని మెచ్చుకుంటూ రాశారు. ఆ ఉద్యోగం పోయింది. అప్పుడు పంపించిన చోటే మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల. ఇప్పుడు బీటీ కాలేజీ అంటున్నామే, అదే.

మార్గరెట్ సంగీతంలో డిగ్రీ చేసిన మనిషి. ఆడవాళ్లకి ఓటు కావాలని పోరాడి లండన్‌లో, ఐర్లాండ్‌లో జైలుకెళ్లారు. జైల్లో నిరాహార దీక్ష కూడా చేశారు. అలాంటావిడ ఈ కొండ ఊర్లో క్లాసుకెళ్లి పిల్లలకి ఇంగ్లిష్ చెప్పారు. ఒక విషయంలో మాత్రం ఇబ్బంది లేదు. మొగుడూ పెళ్లాలిద్దరూ ఐర్లాండ్‌లో ఉన్నప్పుడే శాకాహారులు.

సాయంత్రాలే అసలు పని

పగలు పాఠాలు సరే. సాయంత్రం ఏం చేస్తావన్నదే దూరదేశం వెళ్లిన వాళ్లకి పెద్ద ప్రశ్న. గదిలో కూర్చుని ఇంటిని తలుచుకుంటే రోజులు భారంగా జరుగుతాయి. మదనపల్లె కాలేజీలో రాత్రి భోజనాల తర్వాత పాటల కూడికలు జరిగేవి. స్టూడెంట్లు, టీచర్లు కలిసి కూర్చుని పాడుకునేవాళ్లు.

1919 ఫిబ్రవరి చివర్లో రవీంద్రనాథ్ టాగూర్ విశ్రాంతి కోసం మదనపల్లె వచ్చారు. ఆ కూడికల్లో ఒకదానికి వచ్చి ఆయన కూడా ఓ పాట పాడారు. అదే ‘జనగణమన’. అక్కడున్న పిల్లలకి బెంగాలీ రాదు, అయినా పల్లవికి గొంతు కలిపారు. తర్వాత మార్గరెట్ ఆ పాటకి స్వరాలు రాసిపెట్టారు. టాగూర్ దానికి ఇంగ్లిష్ అనువాదం కూడా అక్కడే చేశారు. ఆ రాతప్రతి మీద తేదీ 1919 ఫిబ్రవరి 28.

ఇక్కడో మాట. ‘జాతీయగీతానికి ట్యూన్ కట్టింది మార్గరెట్ కజిన్సే’ అని ఫార్వర్డ్ మెసేజ్‌లు తిరుగుతుంటాయి. ఈ పాటని 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సభలోనే పాడారు. మార్గరెట్ చేసింది స్వరలిపి రాయడం. విన్నది విన్నట్టు పట్టుకుని, ఇంకొకరు పాడుకునేలా కాగితం మీద పెట్టడం. 1950 జనవరి 24న ఆ పాట జాతీయగీతం అయ్యింది. వాలంటీర్ చేయగలిగిన మంచి పనికి ఇంతకంటే ఉదాహరణ ఏం కావాలి? పాట ఆ నేలదే, తన చదువు దానికి సాయపడింది.

వాళ్లు అడిగిందేంటి?

మదనపల్లెలో ‘అబలా అభివర్ధినీ సమాజం’ అని ఆడవాళ్ల సంఘం ఒకటి ఉండేది. ఊరి ఆడవాళ్లు ఒకచోట చేరి మాట్లాడుకోవడమే ఆ రోజుల్లో పెద్ద విషయం. మార్గరెట్ వాళ్లతో కలిసిపోయారు. అలాంటి సంఘం ప్రతి ఊర్లో ఉంటే ఎలా ఉంటుంది? 1917లో మద్రాసు అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. దాన్ని మొదలుపెట్టిన వాళ్లలో మార్గరెట్ ఒకరు.

అదే ఏడాది డిసెంబర్‌లో ఆడవాళ్లకీ ఓటు కావాలని బ్రిటిష్ మంత్రి మాంటేగుని ఒక బృందం కలిసింది. ఏర్పాట్లు చూసింది మార్గరెట్. ముందు నిలబడి బృందాన్ని నడిపింది సరోజినీ నాయుడు. ఇది గమనించండి. ఓటు కోసం జైలుకెళ్లిన అనుభవం మార్గరెట్‌కే ఉంది, అయినా మాట్లాడే చోటు ఇక్కడి ఆడవాళ్లది. 1921లో మద్రాసు రాష్ట్రంలో స్త్రీలకి ఓటు వచ్చింది, దేశంలో మిగతా రాష్ట్రాల కంటే ముందు.

రీల్ కోసం వెళ్లి, పిల్లలతో నాలుగు ఫొటోలు దిగి, వారానికి తిరిగొచ్చే టూర్లు ఇప్పుడు బోలెడు. వాటికి మనమే ఎదురు డబ్బు కట్టాలి. అక్కడి పిల్లలకి మాత్రం వారానికో కొత్త టీచర్. ఒకరు ఏబీసీడీలు చెప్పి పోతే, ఇంకొకరు వచ్చి మళ్లీ ఏబీసీడీలే. కజిన్స్ జంట అలా పోలేదు. మార్గరెట్ 1932లో ఇక్కడి ఉద్యమం కోసం వెల్లూరు జైలుకీ వెళ్లారు. ఆవిడ 1954లో పోయారు. జేమ్స్ 1956లో మదనపల్లెలోనే కన్నుమూశారు.

మీరు పోవాలనుకుంటే

అందరూ జీవితమంతా ఉండక్కర్లేదు. పద్ధతిగా వెళ్లే దారులున్నాయి. ఐక్యరాజ్యసమితి వాలంటీర్ల కార్యక్రమం 1970లో ఏర్పడింది. 18 ఏళ్లు నిండితే అప్లై చేయొచ్చు. జీతం ఉండదు, అక్కడ బతకడానికి భత్యం ఇస్తారు. ఇంట్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని చేసే ఆన్‌లైన్ వాలంటీరింగ్ కూడా ఉంది. డబ్బు మీరే కట్టాలని ఎవరైనా అంటే, అది ఎటు పోతుందో ముందు అడగండి.

ఇంకో మూడు ప్రశ్నలు మిమ్మల్ని మీరు అడగండి. ఆ ఊరి వాళ్లు నా పని కావాలని అడిగారా? నేను వచ్చేశాక దాన్ని ఎవరు నడుపుతారు? నాకు నిజంగా చేతనైన విద్య ఏది? నర్సింగ్, అకౌంట్లు, వ్యవసాయం, సంగీతం, ఏదైనా సరే. కొండ ఊర్లో రీల్‌లో కనిపించనివే ఎక్కువ: పోయే కరెంటు, రాని సిగ్నల్, అర్థం కాని మాటలు, చలికి పగిలే పెదాలు. వాటి మధ్య కూడా సాయంత్రం పూట పక్కింటి వాళ్లతో కూర్చుని వాళ్ల పాట వినే ఓపిక మీకుంటే, బ్యాగు సర్దుకోండి.