ఉద్దానపు నాళికలు

మహేంద్రగిరి పాదములకును బంగాళాఖాతమునకును నడుమ, టెక్కలి దాటినది మొదలు ఇచ్ఛాపురము వరకు, ఇసుకనేలలపై కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఒకదాని నొకటి ఒరసికొని పెరుగు సీమను ఉద్దానమందురు. పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురము మండలములు ఇందలివి. పలాస జీడిపప్పు రుచి యెరుగని తెలుగు వంటిల్లు ఉండదు. 2018 అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను ఈ తోటలను నేలగూల్చినప్పుడు దేశమంతయు ఈ సీమ పేరు విన్నది గాని, వైద్యులు అంతకు చాలకాలము ముందునుండియే దానిని వేరొక కారణమున వినుచున్నారు. ఇచ్చట బడిముఖము చూడని రైతుకును క్రియాటినిన్ అనగా నేమో తెలియును. సంతలో ఎదురుపడిన బంధువును కుశలమడుగుచు, "ఏటి మామా, క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అనుట ఈ పల్లెలలో వింతగాదు.

ఆ క్రియాటినిన్ పుట్టినిల్లు కండరము. కండరమునకు అకస్మాత్తుగా శ్రమ తటస్థించినపుడు తత్క్షణము శక్తి నందించుటకై క్రియాటిన్ అను పదార్థము ఫాస్ఫేటుతో కూడి, ఫాస్ఫోక్రియాటిన్ రూపమున అందు నిలువయుండును. ఈ ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కేతో కలిసి లోకమునకు వెల్లడించినవాడు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ నిలువలో నూటికి ఒకటి రెండు పాళ్లు ప్రతిదినము తనంత తానే క్రియాటినిన్‌గా మారి రక్తమున కలియును. దానితో దేహమునకు ఏ ప్రయోజనమును లేదు. పుట్టుక ఇంచుమించు నియతము, వెడలు మార్గము ప్రధానముగా మూత్రపిండము. కావున రక్తమున దాని పాలు హెచ్చినచో మూత్రపిండము పని తగ్గినదని ఊహింపవచ్చును. ఈ ఊహలో నొక లోపము కలదు; దానిని తెలిసికొనుటకు మూత్రపిండపు నిర్మాణమును కొంత పరిశీలింపవలెను.

వెన్నెముక కిరుప్రక్కల నుండు ఈ పిండములు రెండును కలిసి సుమారు మూడువందల గ్రాముల తూకమే యుండును. అయినను గుండె నిమిషమునకు వెలువరించు ఐదు లీటర్ల రక్తములో ఐదవవంతునకు పైగా వీనికే చేరును. ఒక్కొక్క పిండమున సుమారు పదిలక్షల నెఫ్రాన్లు గలవు. నెఫ్రానునకు శిరస్సువలె నుండునది రక్తకేశనాళికాగుచ్ఛము. 1666లో మాల్పీజీ దానిని చూచెను గాని, అది దిగువనున్న నాళికతో ఎట్లు కలియుచున్నదో 1842లో బౌమన్ చూపువరకును తెలియలేదు. గుచ్ఛమున రక్తము వడకట్టబడును. రక్తకణములును ప్రోటీనులును పైన నిలిచిపోవ, నీరు, లవణములు, గ్లూకోజు, యూరియా, క్రియాటినిన్ క్రిందికి దిగును. అట్లు దిగునది దినమునకు 180 లీటర్లు! దేహమందలి రక్తద్రవమంతయు మూడు లీటర్లే గనుక, అది దినమునకు అరువది పర్యాయములు వడకట్టబడుచున్నదన్నమాట. మూత్రముగా బయటికి పోవునది లీటరున్నర మాత్రమే.

మిగిలినదంతయు వెనుకకు తెచ్చుకొనునది నాళిక. భోగికి ముందు ఇంటిసామగ్రి నంతయు వాకిటికి చేర్చి, పనికివచ్చువానిని ఏరి లోపల సర్దుకొని, తక్కినదానిని మంటపాలు చేసినట్లు, ఇది మొదట సర్వమును బయటవైచి పిమ్మట కావలసినవానిని గ్రహించును. సమీపస్థ సంవళిత నాళికలోనే సోడియమునందును నీటియందును మూడింట రెండువంతులు, గ్లూకోజు యావత్తును తిరిగి రక్తమును చేరును. హెన్లీ శిక్యము మూత్రపిండపు లోతట్టున ఉప్పదనమును పెంచి నీటిని లాగుటకు ఆధారము కల్పించును. దూరస్థ నాళికలోను, దాని దిగువ గల సేకరణ నాళికలోను పొటాషియము ఎంత విడువవలెనో, మూత్రమెంత చిక్కబడవలెనో తుదిగా నిర్ణయమగును. వైద్యవిద్యార్థులు పరీక్షలకై ఈ భాగములను కంఠస్థము చేసి మరచుచుందురు. అందు ముఖ్యముగా జ్ఞప్తియందుంచుకొనవలసిన విషయమేమనగా, వడపోత రక్తపీడనముచేతనే జరుగును. తిరిగి గ్రహించుట మాత్రము నాళికాకణముల స్వంత శ్రమ. ఆ శ్రమకు ప్రాణవాయువు విస్తారముగా కావలెను. అయితే మూత్రపిండపు లోతట్టు భాగమునకు చేరు రక్తము బహుస్వల్పము. దేహములోని అత్యంత శ్రమజీవులలో నొకడు దేహమందెల్ల ఊపిరి కొరతగానున్న చోట కాపురముండుట సృష్టిలోని విచిత్రములలో నొకటిగా నాకు తోచును.

ఉద్దానపు మూత్రపిండవ్యాధి ఈ నాళికలకును, వాని నడుమనుండు కణజాలమునకును సంబంధించినది. మధుమేహముచేత చెడు మూత్రపిండమున మొదట దెబ్బతినునది గుచ్ఛము. జల్లెడ కన్నములు పెద్దవై ప్రోటీను జారిపోవును, మూత్రము నురుగుకట్టును, పాదములు వాచును. రోగి తానై వైద్యుని వెదకికొనుచు పోవును. ఉద్దానమున నట్లుకాదు. మూత్రమున ప్రోటీను లేకపోవుటయో, అత్యల్పముగా నుండుటయో సామాన్యము. అధికరక్తపీడనము మొదట కానరాదు, మధుమేహము లేదు, వాపులును లేవు. రోగి చెట్టెక్కుచునే యుండును, జీడిగింజలు ఒలుచుచునే యుండును. లోపల పిండము చిక్కి చిన్నబోవుచుండును. విశాఖపట్టణపు మూత్రపిండవైద్యులు తాతపూడి రవిరాజుగారును సహచరులును రెండువేలకు పైగా పెద్దలను పరీక్షించి 2019లో ప్రకటించిన ఫలితముల ననుసరించి, ఇచ్చట నూటికి సుమారు 18 మందికి దీర్ఘకాలిక మూత్రపిండవ్యాధి యున్నది. వారిలో అత్యధికులకు తెలిసిన కారణమేదియు పొసగలేదు.

ఇంతకుమున్ను ప్రస్తావించిన లోపము ఇచ్చటనే అడ్డుపడును. కొన్ని నెఫ్రాన్లు నశించినపుడు మిగిలినవి తమ వంతునకు మించి పనిచేసి లోటు పూరించును. ఒక పిండమును దానము చేసినవారు సుఖముగా జీవించుటకు ఈ గుణమే కారణము. అందుచేత పని సగము తగ్గువరకును క్రియాటినిన్ అంకె పెద్దగా కదలదు. 0.7 ఉన్నది 1.4 అగుట కాగితముపై స్వల్పముగా కనబడును గాని, అది సగము మూత్రపిండము పోయినదనుటకు సాక్ష్యము. మరియొకటి. క్రియాటినిన్ కండరముననుసరించి పుట్టునది గనుక, బక్కపలుచని కూలిస్త్రీకి 1.2 వచ్చినచో, అదే 1.2 గల దృఢకాయునితో ఆమెను సమానముగా నెంచరాదు. వయస్సును, స్త్రీపురుషభేదమును లెక్కలోనికి తీసికొని వడపోతవేగమును కట్టుట యందులకే. అది నిమిషమునకు 60 మిల్లీలీటర్లకు లోబడి మూడు మాసములు నిలిచినచో దీర్ఘవ్యాధి. 15కి దిగినచో డయాలిసిస్ మాట తలపునకు వచ్చును.

కారణమేమి? త్రాగునీటిలోని సిలికా యనువారును, పురుగుమందులనువారును, భారలోహములనువారును, వంశలక్షణమనువారును గలరు. ఏటేట ఒక్కొక్క కారణము దొరికినదని చాటువారి తొందర నాకు రుచింపదు. శ్రీలంకలో అనురాధపుర ప్రాంతపు వరిరైతులకును, మధ్య అమెరికాలో నికరాగువా, ఎల్ సాల్వడారు దేశముల చెరకుకూలీలకును ఇట్టి నాళికావ్యాధియే కలదు. మూడును ఉష్ణదేశముల పల్లపునేలలు. మూడుచోట్లను పీడితులు ఎండలో కాయకష్టము చేయువారే. దీనినిబట్టి వేడిమియు, దేహమున నీరు తరుగుటయు కొంత పాత్ర వహించుచున్నవనుట యుక్తము. అవి మాత్రమే కారణమైనచో, ఎండ మరింత తీవ్రముగానుండు రాయలసీమ పల్లెలు ఎట్లు బయటపడెనని యడుగక తప్పదు. తొందరపడువారు డాన్యూబు నది పరిసరములందలి వృత్తాంతమును స్మరింపవలెను. అచ్చటి పల్లెలను పీడించిన వ్యాధిని వైద్యులు 1950 ప్రాంతములందే వర్ణించిరి. మన నాటువైద్యమెరిగిన ఈశ్వరితీగ జాతికి చెందిన ఒక కలుపుమొక్క గింజలు గోధుమతో కలిసి పిండియగుటయే దానికి మూలమని గట్టి నిదర్శనము లభించుటకు 2007 వరకు పట్టినది.

కారణము తేలకున్నను శరీరధర్మము నేర్పు జాగ్రత్త యొకటి కలదు. దేహమున నీరు తగ్గినపుడు గుచ్ఛమునకు రక్తము తెచ్చు సూక్ష్మధమని ముడుచుకొనకుండ ప్రోస్టాగ్లాండిన్లను పదార్థములు కాపాడును. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పిమాత్రలు ఆ ప్రోస్టాగ్లాండిన్ల పుట్టుకనే అరికట్టును. ఎండలో దినమంతయు బరువులు మోసి, చెమటోడ్చి, సాయంకాలము నడుమునొప్పికి మందులదుకాణములో అడిగి మాత్ర మ్రింగువాడు, కాపు అవసరమైన వేళనే దానిని తొలగించుచున్నాడు. కావలసినన్ని నీళ్లు త్రాగుటయు, ఈ మాత్రలను వైద్యుడు చెప్పనిదే ముట్టకుండుటయు ఉద్దానమున తక్కినచోట్లకంటె ఎక్కువ విలువగల పనులు.

ప్రభుత్వములు చేసినవి కొన్ని గలవు. సోంపేట, పలాస, కవిటి మొదలగుచోట్ల డయాలిసిస్ కేంద్రములు వెలసినవి. రోగులకు పింఛను ఏర్పడినది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రియు మూత్రపిండ పరిశోధనకేంద్రమును, వాటితోపాటు హిరమండలము జలాశయమునుండి వంశధార నీటిని ఈ పల్లెలకు గొనివచ్చు పథకమును ప్రారంభమైనవి. నీరు మారిన ఫలితము తేలుటకు సంవత్సరములు పట్టును. ఒకనాడు చెడిన నాళిక మంచినీటిచేత మరల చిగురింపదు.

డయాలిసిస్ యంత్రము చేయునది వడపోతయు, అదనపు నీటి తొలగింపును. ఎముకమూలుగకు రక్తకణములు పుట్టింపుమని మూత్రపిండము పంపు ఎరిత్రోపోయిటిన్‌ను అది తయారుచేయజాలదు గనుక రోగికి ఇంజెక్షను వేరుగా కావలెను. నాళికవలె క్షణక్షణము లెక్కచూచుట అంతకన్న చేతగాదు: వారమునందలి 168 గంటలలో యంత్రము నడచునది పండ్రెండు. నడిమికాలమున తిన్న పొటాషియము పోవు దారిలేక రక్తమున నిలిచి, హద్దుమీరినచో గుండె లయను తప్పించి ప్రాణము తీయును. నూరు మిల్లీలీటర్ల కొబ్బరినీటిలో సుమారు 200 నుండి 250 మిల్లీగ్రాముల పొటాషియము గలదు. పనసతొనయందును జీడిపప్పునందును అది సమృద్ధము. ఉద్దానమున పండు మూడింటిని ఉద్దానపు రోగికి వలదనవలసి వచ్చుచున్నది. ఎదుట బొండము వ్రేలాడుచుండగా మండువేసవిలో దాహమునకు వలదనుట సులభము గాదు. అయినను వారమునకు మూడుమార్లు డయాలిసిస్ జరుగువారికి రెండుదినములు వరుసగా ఎడమువచ్చు సమయమున ఈ నిషేధము మరింత కఠినముగా పాటింపవలసియున్నది.