మరల లెక్కించుట ఎప్పుడు న్యాయము?

వేలకొలది ఓట్ల ఆధిక్యముతో గెలిచినవానిని గూర్చి వాదములు పెద్దగా ఉండవు. పదికో, నూటికో ఫలితము తేలినపుడే ధర్మసందేహములు పుట్టును. “మరల లెక్కింపుడు” అను కేక అప్పుడే వినవచ్చును. దివిసీమవారికి ఇది పరాయి సంగతి కాదు. నాగాయలంక చేరియున్న అవనిగడ్డ నియోజకవర్గములో 2009 నాటి శాసనసభ ఎన్నికలో అంబటి బ్రాహ్మణయ్యగారు మండలి బుద్ధప్రసాద్‌గారిపై ఐదువందలైనా లేని ఓట్ల తేడాతో గెలుపొందిరి. ఒక్క లంకగ్రామము మనసు మార్చుకొనినను ఫలితము మారియుండెడిది. పదేండ్ల తరువాత, 2019లో, గన్నవరములో తేడా 838 ఓట్లు. అదే యేట విజయవాడ మధ్య నియోజకవర్గములో మల్లాది విష్ణుగారికి బొండా ఉమామహేశ్వరరావుగారిపై వచ్చిన ఆధిక్యము 25 ఓట్లు మాత్రమే. ఓడిన పక్షము మరల లెక్కింపుమని పట్టుబట్టినది.

ఇంతకంటె సన్నని తేడాలును కలవు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానములో కొణతాల రామకృష్ణగారు 9 ఓట్లతో గెలిచిరి. ఇరువురు అభ్యర్థులకును ఇంచుమించు మూడేసి లక్షల ఓట్లు వచ్చినవి. తేడా రెండు చేతుల వ్రేళ్ళకు లోబడినది. 2004లో కర్ణాటకలోని సంతెమరహళ్ళిలో ఒకరును, 2008లో రాజస్థానులోని నాథద్వారాలో ఒకరును ఒక్క ఓటుతోనే ఓడిపోయిరి. తేడా అసలే లేక ఓట్లు సమమైనచో 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము ప్రకారము చీటీ వేసి, ఎవరి పేరు వచ్చునో వారికి ఒక ఓటు అదనముగా కలిపినట్లు భావింతురు.

తేడా స్వల్పముగా ఉన్నంతమాత్రమున లెక్క తప్పని అనుకొనవచ్చునా? ఉపాధ్యాయులకును విద్యార్థులకును ఈ ప్రశ్న క్రొత్తది కాదు. ఒక్క మార్కుతో తప్పిన విద్యార్థి మార్కులను తిరిగి కూడుమని దరఖాస్తు పెట్టుకొనును. కూడికలో పొరపాటుండవచ్చును; ఒక జవాబును దిద్దకయే విడిచియుండవచ్చును. వీనిని చూపినచో మార్కు కలియును. కాని “ఒక్క మార్కే గదా తక్కువ” అనునది కారణము కాజాలదు. ఓట్ల విషయమునను న్యాయము ఇదియే.

1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమావళిలోని 63వ నియమము దీనినే చెప్పుచున్నది. లెక్కింపు ముగిసి మొత్తములు ప్రకటించిన వెంటనే, ఫలితపత్రముపై రిటర్నింగ్ అధికారి సంతకము పడకమునుపు, అభ్యర్థి గాని అతని ఏజెంటు గాని పునర్గణన కోరవచ్చును. కోరిక వ్రాతమూలకముగా ఉండవలెను. అందు కారణములు చూపవలెను. అధికారి దానిని పూర్తిగానో, కొంతవరకో అంగీకరింపవచ్చును, పసలేనిదైనచో త్రోసిపుచ్చవచ్చును. ఏమి చేసినను అతడును కారణములను వ్రాసి ఉంచవలెను. అడుగువానికొక బాధ్యత, కాదనువానికొక బాధ్యత. ఈ రెంటిలో ఏది లోపించినను అన్యాయమే.

ఇక పరీక్షకును ఎన్నికకును ఒక పెద్ద భేదమున్నది. జవాబుపత్రము ఎవరిదో సంఖ్యను బట్టి తెలిసికొనవచ్చును. ఓటుపత్రము ఎవరిదో ఎవరికిని తెలియరాదు. రహస్యమే ఓటునకు ప్రాణము. పెట్టెలు తెరచి పత్రములు చూపుమని అడిగినవారికెల్ల న్యాయస్థానములు తలయూపినచో ఆ రహస్యమునకు భంగము కలుగును. అందువలననే 1964లో రామసేవక్ యాదవ్ కేసున సుప్రీంకోర్టు ఒక హద్దు గీచినది. తగిన వివరములు లేకుండ, ఏదైన ఆధారము దొరకకపోవునా యను ఆశతో ఓటుపత్రములు తనిఖీ చేయింపరాదని దాని సారాంశము.

పత్రముల కాలము పోయి యంత్రములు వచ్చినవి. దానితో వాదము రూపు మార్చుకొన్నదే కాని అంతరింపలేదు. యంత్రములోని అంకెను ఎన్నిసార్లు చూచినను అదే అంకె కనిపించును. కనుక ఓటరు కంటి కెదురుగ పడు వీవీప్యాట్ చీటీలను లెక్కింపవలెనను కోరిక బయలుదేరినది. సగము యంత్రముల చీటీలను లెక్కింపుమని నారా చంద్రబాబునాయుడుగారు మొదలుగాగల ప్రతిపక్ష నాయకులు సుప్రీంకోర్టు కెక్కిరి. 2019 ఏప్రిల్‌లో కోర్టు, ప్రతి శాసనసభ నియోజకవర్గములో ఒక యంత్రమునకు బదులు ఐదింటి చీటీలను సరిచూడుమనెను. 2024 ఏప్రిల్‌లో మరియొక మెట్టు ముందుకు వచ్చి, రెండవ, మూడవ స్థానములందు నిలిచిన అభ్యర్థులు కోరినచో నూటికి ఐదు యంత్రములను పరీక్షింపవచ్చునని చెప్పినది. చీటీలను చేతితో లెక్కించినచోట యంత్రపు అంకెకును చీటీల అంకెకును తేడా వచ్చెనా, నియమావళి ప్రకారము చీటీదే చెల్లుబాటు.

కాని పొరపాటు పుట్టునది తరచు లెక్కింపు మందిరమున గాక పోలింగు గదిలో. ఆ గది మన బడియే. ఆ బల్ల వెనుక కూర్చున్నవారిలో పెక్కురు మన ఉపాధ్యాయులే. నాగాయలంక మండలములో ఏటిపాయ దాటి ఎదురుమొండి దీవికి పెట్టెలతో పోవు సిబ్బందిని తలచుకొనుడు. వారు పోలింగు ముగిసిన పిమ్మట 17సి అను ఫారములో మొత్తము పోలైన ఓట్ల సంఖ్యను వ్రాసి, ప్రతులను ఏజెంట్ల కియ్యవలెను. లెక్కింపునాడు యంత్రములోని అంకెను ఆ కాగితముతోనే పోల్చి చూతురు. తెల్లవారుజామున ఏజెంట్ల యెదుట కనీసము 50 ఓట్లతో మాదిరి పోలింగు జరిపి, వానిని తుడిచివేయవలెను. తుడుచుట మరచినచో ఆ యంత్రమును ప్రక్కన బెట్టవలసి వచ్చును. తేడా వేలలో ఉన్నచో ఈ పొరపాటు ఎవరికిని కనబడదు. తేడా 25 అయినచో అదియే ఎన్నిక యగును.

పోస్టల్ ఓట్ల సంగతి ఉపాధ్యాయులకు మరింత దగ్గరది. తమిళనాడులోని రాధాపురములో 2016 ఎన్నిక 49 ఓట్ల తేడాతో తేలినది. 203 పోస్టల్ ఓట్లను అధికారులు త్రోసివేసిరి. వానిపై ధ్రువీకరణ సంతకము చేసిన ప్రధానోపాధ్యాయుడు గెజిటెడ్ అధికారి కాడన్నది కారణము. ఆ సంతకము చెల్లునని 2019లో మద్రాసు హైకోర్టు తలచి పునర్గణన చేయించినది. కాని ఆ ఫలితము వెల్లడి కాకుండ సుప్రీంకోర్టు నిలిపినది. 2021 నాటికి ఆ శాసనసభ కాలమే ముగిసినది. మన రాష్ట్రమున 2024లో ఇట్టి వివాదమే వచ్చినది. ధ్రువీకరణపత్రముపై అధికారి సంతకముండి ముద్ర లేకున్నను ఓటు చెల్లునని ఎన్నికల సంఘము లెక్కింపునకు కొలదిదినములముందు చెప్పినది. ఒక పక్షము కోర్టుల కెక్కినను వాదము నిలువలేదు.

ఏది చెల్లు ఓటో, ఏది చెల్లనిదో పోలింగునకు చాల ముందే తేలియుండవలెను. ఎవరికి ఎన్ని కావలెనో తెలిసిన తరువాత కొలతను గూర్చి వాదించినచో, ఎంత ధర్మమైన తీర్పైనను పక్షపాతముగనే తోచును. 2000లో అమెరికా అధ్యక్షపదవి ఫ్లోరిడా రాష్ట్రమున 537 ఓట్ల తేడాపై నిలిచినది. అచ్చట సగము చిల్లుపడిన ఓటుపత్రములను ఒక్కొక్క జిల్లాలో ఒక్కొక్క రీతిగా లెక్కింపజొచ్చిరి. తుదకు వారి సుప్రీంకోర్టు పునర్గణననే ఆపివేసినది.

ఇన్నిటికంటె పెద్ద అన్యాయము ఆలస్యము. ఫలితము వచ్చిన 45 దినములలో హైకోర్టులో పిటిషను వేయవలెను. విచారణను ఆరుమాసములలో ముగించుటకు యత్నింపవలెనని చట్టము చెప్పుచున్నది. జరుగుచున్నదేమి? తెలంగాణమున ధర్మపురి ఎన్నిక 2018లో 441 ఓట్లతో తేలినది. ఆ వివాదములో 2023లో కాగితములకై భద్రపుగది తెరువబోగా తాళపుచెవులు కానరాలేదు; తాళములు పగులగొట్టుటకు హైకోర్టు ఆనతి ఈయవలసి వచ్చినది. ఆ సంవత్సరాంతముననే క్రొత్త ఎన్నికలు వచ్చినవి. హర్యానాలోని బువానా లాఖూ అను గ్రామ సర్పంచి ఎన్నిక 2022 నవంబరున జరిగినది. ఒక పోలింగు కేంద్రములో ఇరువురి అంకెలు తారుమారైనవని ఓడినవాని వాదము. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు తన ఆవరణలోనే యంత్రములు తెప్పించి లెక్కింపించగా, ఓడినవానికి 1,051, గెలిచినవానికి 1,000 ఓట్లు వచ్చినవి. న్యాయము గెలిచినది, కాని మూడేండ్లకు కొంచెము తక్కువగా ఆ యూరిని ఏలినది ఊరు ఎన్నుకొననివాడు.

ఓడినవాడు కచేరిలో ఏడ్చెను, గెలిచినవాడు ఇంటిలో ఏడ్చెనని సామెత. ఎన్నికల వ్యాజ్యములలో ఏడ్చువాడు మూడవవాడొకడు కలడు. అతడు ఓటరు. వాని ఓటు ఎవరికి చేరెనో తేలునప్పటికి దాని ఆయువు తీరిపోవుచున్నది.

కనుక అడిగిన ప్రతివానికిని మరల లెక్కింపవలెననుటయు తగదు; స్వల్ప తేడాను ఎత్తిచూపుటయే నేరమన్నట్లు అడుగువానిని గద్దించుటయు తగదు. కారణము చూపినవానికి వెంటనే, అందరి యెదుట లెక్కింపవలెను. కారణము చాలనిచో ఏల చాలదో వ్రాసి ఇయ్యవలెను. వ్యాజ్యము వచ్చినచో పదవీకాలము తీరకముందే తేల్చవలెను. రాబోవు ఎన్నికలో బడిగదిలో కూర్చుండు ఉపాధ్యాయుడు 17సి ఫారములోని అంకెను సరిచూచుకొని, స్పష్టముగా వ్రాసి, ఏజెంట్ల చేతికిచ్చెనా, రేపు కోర్టునకు పోవలసిన ఎన్ని తగవులో అచ్చటనే తీరిపోవును. మరల లెక్కించినను మారని లెక్కను వ్రాయుటయే ఓడినవానికిని గెలిచినవానికిని అతడు చేయగల సమానమైన మేలు.