విముక్తిదాతయైన జారు: రెండవ అలెగ్జాండరు

రాజు తలచుకొన్నచో దెబ్బలకు కొదువ లేదని మన సామెత. ఆ రాజే తలచుకొని ప్రజల వీపుమీది దెబ్బలను మాన్పింపగలడా? మాన్పించినచో అంతటితో ప్రజలు తృప్తి చెందుదురా? ఈ రెండు ప్రశ్నలకును సమాధానము రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు జీవితమున దొరకును.

ఇతడు 1818లో మాస్కో నగరమున జన్మించినాడు. తండ్రి మొదటి నికొలాసు కఠినశాసనుడు. అయినను కుమారుని చదువును జుకోవ్‌స్కీ యను కవిచేతిలో పెట్టినాడు. మన నలదమయంతుల కథను జర్మను భాషనుండి రష్యను పద్యములలోనికి తెచ్చిన కవి ఈతడే. 1837లో శిష్యుడు గురువుతో కలిసి దేశసంచారము చేయుచు సైబీరియా వరకు పోయినాడు. రాజ్యమునకు వారసుడైనవాడు ఆ ప్రవాసభూమిలో అడుగిడుట అదియే ప్రథమము.

1855లో అతడు సింహాసనమెక్కునాటికి క్రిమియా యుద్ధము సాగుచున్నది. మరుసటి సంవత్సరమున రష్యా పరాజయము నంగీకరించి పారిస్ సంధిపై సంతకము చేసినది. యుద్ధభూమికి సైన్యమును చేర్చుటకు రైలుమార్గము లేదు. చేరిన సైనికులలో పెక్కుమంది బానిసరైతుల బిడ్డలు. ఇంటిలోని కుళ్లు యుద్ధరంగమున బయటపడినది.

ఆనాడు రష్యాలో రమారమి 2 కోట్ల 30 లక్షలమంది జమీందారుల సొత్తుగా బ్రతుకుచుండిరి. వీరినే సెర్ఫులందురు. యజమాని వీరిని అమ్మవచ్చును, కొట్టింపవచ్చును, సైబీరియాకు పంపవచ్చును. అతని యనుమతి లేనిదే పెండ్లియైన జరుగదు. ఈ దాస్యము క్రిందినుండి తనంత తాను తెగిపోవువరకు వేచియుండుటకంటె పైనుండి మనమే తెంచుట మేలని 1856లో అలెగ్జాండరు మాస్కో ప్రభువర్గమునకు హెచ్చరిక చేసినాడు. వారు అయిష్టముగనే దారికి వచ్చిరి. అయిదేండ్ల చర్చల పిమ్మట 1861 మార్చి 3న విముక్తి శాసనము వెలువడినది. అమెరికాలో లింకన్ ప్రకటనకు అది రమారమి రెండేండ్లు ముందు.

కాని శాసనము రైతుకు స్వేచ్ఛ నిచ్చినంత ధారాళముగా భూమి నీయలేదు. తాతముత్తాతలు దున్నిన నేలకే అతడు 49 ఏండ్లపాటు వాయిదాలు చెల్లింపవలసి వచ్చినది. పెక్కుచోట్ల మునుపు సాగుచేసుకొన్న భూమిలో కొంత జమీందారుకే పోయినది. ఇది నిజమైన శాసనము కాదు, అసలుదానిని దొరలు దాచిరని రైతులు శంకించిరి. కజాన్ ప్రాంతమున బెజ్ద్నా యను గ్రామములో చదువు వచ్చిన ఒక రైతు ఆ పత్రమునకు తనదైన అర్థము చెప్పగా వేలమంది చుట్టు చేరిరి. సైన్యము కాల్పులు జరిపినది, అనేకులు కూలిరి.

సంస్కరణలు అక్కడ ఆగలేదు. 1864లో జెమ్‌స్త్వోలను స్థానిక సభలు ఏర్పడి పల్లెలలో పాఠశాలలను, వైద్యశాలలను నెలకొల్పినవి. 1874లో సైనికసేవ అన్ని వర్గములకును సమానమైనది. ఆ శాసనములో ఉపాధ్యాయులు మెచ్చదగిన విశేషమొకటి కలదు: సాధారణముగా ఆరేండ్ల సేవ చేయవలసియుండగా, ప్రాథమిక విద్య ముగించినవానికి అది నాలుగేండ్లు, విశ్వవిద్యాలయ పట్టభద్రునకు ఆరునెలలు మాత్రమే.

1864లోనే బహిరంగ విచారణ, జ్యూరీ, స్వతంత్రులైన న్యాయవాదులు గల న్యాయస్థానములు వెలసినవి. వాటికి పరీక్ష 1878లో వచ్చినది. ఒక ఖైదీని బెత్తములతో కొట్టించిన పీటర్స్‌బర్గు నగరాధికారి ట్రెపోవ్‌ను వేరా జసూలిచ్ అను యువతి తుపాకితో కాల్చి గాయపరచినది. జ్యూరీ ఆమెను నిర్దోషి యనినది! జారు స్థాపించిన న్యాయస్థానమే జారు అధికారిని దోషిగా నిలబెట్టినట్లయినది. ప్రభుత్వమునకు భయము పుట్టినది. అట్టి నేరముల విచారణను సైనిక న్యాయస్థానములకు మార్చివేసినది.

ఇదియే అలెగ్జాండరు స్వభావములోని చిక్కు. ఒక చేతితో తెరచిన తలుపును రెండవ చేతితో మూయుచుండెను. 1863లో పోలండు తిరుగుబాటును నిర్దయగా అణచినాడు. ఫిన్లండులో ఫిన్నిష్ భాషకు గౌరవమిచ్చిన ప్రభువే 1876లో ఉక్రెయిను భాషలో పుస్తకముల ముద్రణను నిషేధించినాడు.

యువకులలో అసహనము పెరిగినది. ‘ప్రజాసంకల్పము’ అను రహస్యసంఘము అతనికి మరణశిక్ష విధించినది. రైలుమార్గమున మందుపాతర పెట్టిరి. రాజభవనములోనే బాంబు ప్రేల్చిరి. 1881 మార్చి 13 ఉదయము, ఎన్నికైన ప్రతినిధులకు శాసనరచనలో కొంత సలహాధికార మిచ్చు పథకమును జారు ఆమోదించినాడు. ఆ మధ్యాహ్నమే కాలువగట్టున అతని బండిపై బాంబు పడినది. తనకు దెబ్బ తగులలేదు, వెంటనే సాగిపోవచ్చును. కాని క్షతగాత్రులను చూచుటకు క్రిందికి దిగినాడు. రెండవ బాంబు అతని ప్రాణమును తీసినది.

కుమారుడు మూడవ అలెగ్జాండరు ఆ పథకమును త్రోసిపుచ్చినాడు. తాత మరణశయ్యకడ నిలిచిన పన్నెండేండ్ల మనుమడే రష్యా చివరి జారు రెండవ నికొలాసు. రైతుల వాయిదాలు 1907లో రద్దయినవి. పదేండ్లకు సింహాసనమే కూలినది.

రాజు దెబ్బలను మాన్పింపగలడు. కాని వంగిన వీపు నిటారైనంతనే మనిషి ఎదుటివాని కన్నులలోనికి చూచును. తన వంతు అడుగును. ఆ అడుగుటను కూడ సహింపగల ప్రభువే సంపూర్ణ సంస్కర్త. అలెగ్జాండరు ఆ మెట్టు దగ్గరకు వచ్చినాడు, ఆలస్యముగా వచ్చినాడు.