మీకు తెలుసా? రోజుకు ఒక్కటే ఫొటో!

రోజుకో ఫొటో తీసి నలుగురికీ చూపించే సరదా సెల్‌ఫోన్లతోనే పుట్టిందనుకుంటాం. కాదు! న్యూయార్క్ ఫొటోగ్రాఫర్ జేమీ లివింగ్‌స్టన్ 1979 మార్చి 31న, బార్డ్ కాలేజీలో చదువుకుంటూ ఉండగానే, ఈ అలవాటు మొదలుపెట్టారు. ఆయన కెమెరా పోలరాయిడ్ ఎస్ఎక్స్-70. మీట నొక్కగానే కార్డు బయటికొస్తుంది, కొన్ని నిమిషాల్లో బొమ్మ తేలుతుంది. నెగెటివ్ ఉండదు కాబట్టి ఉన్నది ఆ ఒక్క ప్రతే. ఫిల్ము ప్యాక్‌కు పది ఫొటోలే వచ్చేవి. ఇప్పుడు ఒక్క కాఫీ కప్పుకే అన్ని తీసేస్తున్నాం!

మిత్రులు, విందులు, వీధులు, తర్వాత ఆసుపత్రి గదులు... కేన్సర్ వచ్చినా ఆయన ఆపలేదు. 1997 అక్టోబరులో పెళ్లి చేసుకున్నారు. అదే నెల 25న, తన 41వ పుట్టినరోజు నాడే కన్నుమూశారు. ఫొటోలూ ఆ రోజు వరకూ ఉన్నాయి. మొత్తం ఆరు వేలకు పైనే.

2007లో మిత్రులు వాటిని బార్డ్ కాలేజీలోనే ప్రదర్శనకు పెట్టారు. విడిగా చూస్తే చాలావరకు మామూలు ఫొటోలే. వరసగా చూస్తేనే వాటి బలం తెలుస్తుంది. మీరూ మొదలుపెడితే ప్రతి ఫొటోకూ తేదీ, ఊరు తప్పక రాసి పెట్టుకోండి.