పెట్రోలు మితిమీరిన ఇంజను: దోషనిర్ణయము

పాత పెట్రోలు కారు సైలెన్సరు నుండి నల్లని పొగ వెలువడుచు, ఇంజను వేడెక్కిన పిమ్మట ఐడ్లింగులో తడబడుచు, మైలేజి నానాటికి దిగజారుచున్నప్పుడు, షెడ్డులలో తఱచుగా వినవచ్చు తీర్పు ఒక్కటియే: "కంప్యూటరు పోయింది, మార్చాలి." ఈ తీర్పు మిక్కిలి వ్యయకరమైనది, పెక్కుసారులు నిరాధారమైనది కూడ. దోషము సాధారణముగా ఆజ్ఞ యిచ్చు కంప్యూటరునందు గాక, దానికి వార్తలు చేరవేయు చిన్న పరికరములయందో, ఇంధనపు టొత్తిడిని కాపాడు భాగములయందో యుండును; వానిని వరుసగా పరీక్షించు నోర్పు కలవానికి రోగమూలము దొరకక పోదు.

1998లో వచ్చిన శాంత్రో కారు, కంప్యూటరు ఆజ్ఞతో ఇంజెక్టరుల ద్వారా పెట్రోలును చిమ్ము ఎం.పి.ఎఫ్.ఐ. (ఇంజెక్షను) ఇంజనుతోనే మన విపణిలో ప్రవేశించినది. 1999 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దేశరాజధాని ప్రాంతమున యూరో ప్రమాణములను అమలుపఱుపుమని యాదేశించిన పిమ్మట, మారుతి 800 వంటి చిన్న కార్లు సైతము కార్బురేటరును విడిచి ఇంజెక్షనును చేపట్టినవి. ఆనాటి కార్లు చేతులు మారి నేటికిని మన పట్టణములలో తిరుగుచున్నవి. నేటి స్కానరు వానిలో కొన్నింటితో మాటాడజాలదు; కావున మెకానిక్కునకు మల్టీమీటరును, ప్రెషరు గేజియు, తర్కబుద్ధియునే శరణ్యములు.

పెట్రోలు సంపూర్ణముగా దహింపవలెనన్న, తూకమున ఒక పాలు పెట్రోలునకు ఇంచుమించు 14.7 పాళ్లు గాలి కావలెను. ఇంజెక్టరు ప్రతి పర్యాయము ఎన్ని మిల్లీసెకన్లు తెఱచుకొనవలెనో కంప్యూటరు నిర్ణయించును. రాజులు చారచక్షువులని నీతివేత్తలు చెప్పుదురు, కంప్యూటరును అట్టిదే. ఇంజను వేడిని, లోనికి వచ్చు గాలిని, పొగలో మిగిలిన ఆక్సిజనును అది స్వయముగా నెఱుగదు. సెన్సారులు చెప్పినదే దానికి సత్యము. చారుడు తప్పు చెప్పెనా, ఆజ్ఞయు తప్పును.

మొదట ప్లగ్గులను విప్పి చూడవలెను. పొడిగా, మెత్తగా నల్లని మసి పట్టియున్నచో పెట్రోలు మితిమీరినదని యర్థము. తడిగా జిడ్డుగా నున్నచో అది ఆయిలు మండుట. అన్ని ప్లగ్గులును ఒకే విధముగా నల్లబడినచో కారణము ఉమ్మడిది. ఒక్కటి మాత్రమే నల్లబడినచో ఆ సిలిండరు ఇంజెక్టరు కారుచున్నదేమో, ఆ ప్లగ్గునకు నిప్పురవ్వ సరిగా నందుటలేదేమో చూడవలెను. ఎయిర్ ఫిల్టరు మూసికొనుట కార్బురేటరు కాలమున ముఖ్యకారణమే గాని, ఇంజెక్షను కార్లలో వచ్చిన గాలిని కొలిచియే కంప్యూటరు పెట్రోలు వదలును గనుక, దానివలన పికప్ తగ్గునే గాని మిశ్రమము సాధారణముగా చెడదు.

పిమ్మట చూడవలసినది, కూలెంటు ప్రవాహమును అదుపు చేయు థర్మోస్టాటు. వేసవిలో ఇంజను కాగిపోవునను భయముతో దానిని తీసి పాఱవేయు నలవాటు మన షెడ్డులలో కలదు. అట్లు తీసిన ఇంజను చలికాలమున, హైవే మీద, తగిన వేడికి చేరనే చేరదు. కంప్యూటరు ఇంకను చల్లగానే యున్నదని యెంచి పెట్రోలును అధికముగా పోయుచునే యుండును. ఇచ్చట సెన్సారు నిజమే చెప్పుచున్నది; తప్పు మనది. థర్మోస్టాటు సరిగా నున్నచో కూలెంటు టెంపరేచరు సెన్సారును కొలువవలెను. వేడి పెరిగిన కొలది దాని నిరోధము తగ్గును: పెక్కు కార్లలో 20 డిగ్రీల సెల్సియసు వద్ద రెండు మూడు వేల ఓములు, 80 డిగ్రీల వద్ద ఇంచుమించు మూడువందల ఓములు. రేడియేటరు కాగుచుండగా మీటరు ఇంకను వేలలోనే చూపినచో దొంగ దొరికినట్లే. కనెక్టరులో పట్టిన తుప్పు సైతము ఇట్టి భ్రమనే కల్పించును.

అటుపై పెట్రోలు ఒత్తిడిని కాపాడు ప్రెషరు రెగ్యులేటరు. పాత కార్లలో పెక్కింట దీనికి మానిఫోల్డు నుండి సన్నని వ్యాక్యూము గొట్ట ముండును. ఆ గొట్టమును ఊడదీసినప్పుడు లోపల పెట్రోలు తడి కనిపించినచో, రెగ్యులేటరులోని పలుచని పొర చిరిగినదని నిశ్చయము. కంప్యూటరు ఆజ్ఞ లేకయే పెట్రోలు ఇంజనులోనికి ప్రవహించుచున్నది. మానిఫోల్డు ఒత్తిడిని కొలుచు మ్యాప్ సెన్సారు గొట్టము చీలినను ఫలితము ఇట్టిదే: ఇంజను గొప్ప బరువు లాగుచున్నదని కంప్యూటరు భ్రమించును.

చివరి సాక్షి ఆక్సిజను సెన్సారు. సక్రమముగా నున్నప్పుడు దాని వోల్టేజి 0.1కిని 0.9కిని నడుమ ఊగులాడుచుండును. ఎల్లప్పుడు 0.8కి పైన నిలిచినచో, పెట్రోలు అధికమైనదని అది నిజమే చెప్పుచున్నది. మూలము మఱియొకచోట వెదకవలెను. ప్లగ్గులు నల్లగా నుండగా అది 0.1 వద్దనే నిలిచి పెట్రోలు చాలదని మొఱపెట్టుచున్నచో, రెండు సాక్ష్యములు పొసగవు. సెన్సారు చచ్చియుండవచ్చును, లేదా దానికి ముందు సైలెన్సరు గొట్టమున బెజ్జము పడి బయటి గాలి లోనికి చొచ్చుచుండవచ్చును. ఆ బెజ్జమును మూయక సెన్సారును మార్చుట ధనవ్యయమే.

ఈ రోగమును ఉపేక్షింపరాదు. మండని పెట్రోలు సిలిండరు గోడలమీది ఆయిలును కడిగి, క్రిందికి జాఱి ఇంజనాయిలును పలుచన చేయును. డిప్‌స్టిక్కును మూచూచిన పెట్రోలు వాసన కొట్టును. క్యాటలిటిక్ కన్వర్టరు అధికతాపముచే కరగిపోవును. పొగలోని కార్బన్ మోనాక్సైడు విషవాయువు. రంగును వాసనయు లేనిది గనుక మూసిన గ్యారేజిలో ప్రాణములే తీయగలదు. కాబట్టి కారు యజమాని షెడ్డులో అడుగవలసిన మాట ఇది: "ఏది కొలిచి చూశారు, ఎంత వచ్చింది?" అంకెతో సమాధానము చెప్పు మెకానిక్కునే నమ్మవలెను, అట్టివానికి ఇచ్చిన కూలి ఎన్నటికిని వృథా కాదు.