బట్ట పన్నా: నాడును నేడును

బట్టల కొట్టునకు పోయినపుడు మనము మొదట ధర యడుగుదుము. పిమ్మట నేతను వ్రేళ్ళతో తాకి చూతుము. రంగు నిలుచునా యని ప్రశ్నింతుము. ఎన్ని మీటర్లు కావలయునో చెప్పి, చింపించుకొని, యింటికి వత్తుము. ఇంతవఱకు బాగుగనే యున్నది. కాని అడుగవలసిన ప్రశ్న యొకటి తఱచుగా మఱచిపోవుచున్నాము. అది "ఈ బట్ట పన్నా యెంత?" అనునది. పన్నా యనగా వెడల్పు. ఈ యంచునుండి ఆ యంచువఱకు గల కొలత. పారసీక భాషలో వెడల్పునకు 'పహ్నా' యని పేరు. ఆ మాటయే హిందుస్తానీ మీదుగా మన కుట్టుపనివారి నోటికి వచ్చి పన్నా యైనది. ఈ పన్నా ఏ కారణములచేత మాఱుచు వచ్చినదో, ఆ మార్పు నెఱుగకున్నచో మనకు గలుగు నష్టమెట్టిదో పెద్దలకు మనవి చేయుటయే యీ ప్రసంగమున నా యుద్దేశము.

మా తండ్రిగారు గరివిడిలో, రైలు స్టేషనునకు చేరువను, ఒక చిన్న వసారాలో కుట్టుమిషను పెట్టుకొని జీవించిరి. నేను బడి విడిచిన పిదప ఆయన ప్రక్కన గూర్చుండి గుండీలు కుట్టుచు, కాజాలు చేయుచు నుండెడివాడను. 1980 ప్రాంతమున, సంక్రాంతికి ముందు రోజులలో, ప్రక్కయూరి రైతొకడు, డెబ్బది యేండ్ల వృద్ధుడు, వచ్చి నిలిచెను. మనుమరాలి పెండ్లికి తాను చొక్కా కుట్టించుకొనవలెనని ఆయన కోరిక. "సొక్కాకి ఎంత గుడ్డ తెమ్మంతావు బావూ?" అని యడిగెను. పండుగ పనుల త్వరలో నున్న మా తండ్రిగారు తలయెత్తకయే, "మీటరూ అరవై తే తాతా, సరిపోద్ది" అనిరి.

నాలుగు దినముల తరువాత ఆ వృద్ధుడు నువ్వులమ్మిన డబ్బుతో తెల్లని పొందూరు ఖద్దరు కొని తెచ్చెను. సరిగా ఒక మీటరు అరువది సెంటీమీటర్లు. మా తండ్రిగారు దానిని బల్లమీద పఱచి, టేపుతో కొలిచి, చేతిలోని కత్తెరను క్రింద బెట్టిరి. ఆ బట్ట పన్నా 36 అంగుళములు. ఆయన మనస్సులో నుండినదో, ఆ రోజులలో ఎల్లరును తెచ్చుచుండిన 58 అంగుళముల మిల్లు బట్ట. "ఏటి బావూ, సాలదా? నువ్వు సెప్పినంతే తెచ్చినాను గదా!" అని వృద్ధుడు అడిగెను. మఱికొంత తెచ్చుకొందమన్నచో ఆ తానులో మిగిలిన బట్ట అప్పటికే అమ్ముడుపోయినది. తుదకు మా తండ్రిగారు ఆ బట్టతో చేతులు లేని బండీ నొకదానిని కుట్టి యిచ్చిరి, కూలి పుచ్చుకొనలేదు. పెండ్లినాడు ఆ వృద్ధుడు ఉత్తరీయమును రెండు భుజములమీదను నిండుగా కప్పుకొని తిరుగుచుండగా నేను చూచితిని. ఆయన మమ్ము ఒక్క మాటయు ననలేదు.

తప్పు బట్టది కాదు, కొన్నవానిదియు గాదు. పొడుగు చెప్పి పన్నా చెప్పకపోవుటయే తప్పు. ఈ రెండు పన్నాలును ఎట్లు వచ్చినవో యిక విచారింతము.

పూర్వము బట్ట వెడల్పును నిర్ణయించినది నేతగాని చేయి. గుంటమగ్గముమీద గూర్చున్నవాడు పడుగు దారముల నడుమనుండి నాడెను ఒక చేత విసరి, రెండవ చేత నందుకొనవలయును. రెండు చేతులకును అందినంతయే బట్ట వెడల్పు. అంతకంటె వెడల్పైన ఉన్ని బట్ట కావలసినపుడు ఇంగ్లండులో ఇద్దఱు నేతగాండ్రు ఒకే మగ్గముమీద ప్రక్కప్రక్కల గూర్చుండి నాడెను ఒకరికొకరు విసరుకొనుచుండిరి. మన దేశమున వేఱొక ఉపాయము చేసిరి. రెండు సన్నని పట్టీలను వేఱువేఱుగ నేసి, నడుమ కుట్టి కలిపిరి. 'దో' యనగా రెండు. రెండు పట్టీలు గలది గావుననే దానికి దుప్పటి యను పేరు గలిగెను. నడుమ కుట్టుగల పాత దుప్పట్లను కప్పుకొన్నవారు మీలో నిప్పటికిని ఉందురు.

చేతికి అందిన పన్నానుబట్టియే వస్త్రధారణము గూడ ఏర్పడెను. జపానువారి కిమోనోకు నేయు బట్ట సుమారు 36 సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే. ఆ సన్నని పట్టీలను వంపుకోతలు లేకుండ నిలువుగా కలిపి కుట్టుదురు. మన పంచెకును చీరకును కత్తెరతో పనియే లేదు. వాని పన్నా మనిషి నడుమునుండి చీలమండలవఱకు గల కొలతనుబట్టి యేర్పడినది; పొడుగును మాత్రము మూరలతో లెక్కించిరి. కావున మన పెద్దలు "ఎన్ని మూరలు?" అని యడిగిన చాలును, పన్నా ఎంతో ఇరువురికిని తెలిసినదే. ఆ యలవాటే నేటికిని మనలను వదలలేదు. కుట్టు బట్ట కొనునపుడు గూడ పొడుగొక్కటియే చెప్పుచున్నాము.

అట్లని పూర్వులు పన్నాను లక్ష్యపెట్టలేదనుకొనరాదు. మన యుత్తరాంధ్రమునందే రాజాము, అనకాపల్లి, నక్కపల్లి, పాయకరావుపేట మొదలైన చోట్ల నేసిన బట్టలకు పుంజములనుబట్టి పేరులుండెడివి. పుంజమనగా 120 పడుగు దారములు. పది పుంజముల బట్ట, పండ్రెండు పుంజముల బట్ట, పదునాలుగు పుంజముల బట్ట యని మొదలుకొని, నలుబది పుంజముల బట్టవఱకును ఉండెను. నలుబది పుంజములనగా పడుగులో 4800 దారములు. వెడల్పు ఒక్కటియే యైనపుడు పుంజములు పెరిగినకొలది బట్ట సన్నమగును. వెడల్పు తగ్గించి పుంజములు లెక్క చెప్పినచో ఆ లెక్కకు అర్థము లేదు. కావున పుంజముల మాటలోనే పన్నా మాట యిమిడియున్నది.

ఇంగ్లండులో ఈ సంగతి రాజశాసనమువఱకు పోయెను. 1215లో జాన్ రాజుచేత ప్రభువులు ఒప్పించుకొన్న మహాశాసనమునందు, రంగువేసిన బట్టలు అంచులను మినహాయించి రెండు 'ఎల్'ల వెడల్పు గలిగియుండవలెనని యొక నిబంధన గలదు. ఎల్ అనునది అచ్చటి బట్టల కొలత. ధాన్యపు కొలతయు, సారాయపు కొలతయు దేశమంతట నొక్కటిగా నుండవలెనని చెప్పిన చోటనే బట్ట వెడల్పును గూర్చియు చెప్పిరి. కుంచము తగ్గించుట యెట్టి మోసమో, పన్నా తగ్గించుటయు నట్టిదే యని వారు గ్రహించిరన్నమాట.

చేతి హద్దును మొదట దాటించినది ఒక చిన్న యుక్తి. 1733లో జాన్ కే యను నాంగ్లేయుడు త్రాడు లాగినంతనే తనంతట పరుగెత్తు నాడెను కల్పించెను. నేతగాడు ఒక్కచేతితో త్రాడు లాగిన చాలును. నాడె యీ చివరనుండి ఆ చివరకు పోవును. కావున ఒక్కడే వెడల్పైన బట్ట నేయగలిగెను. 20వ శతాబ్దపు మొదటి సంవత్సరములలో ఆల్ఫ్రెడ్ ఛాటర్టన్ మొదలైనవారి ప్రయత్నములతో ఈ నాడె మద్రాసు రాజధానిలోని నేతగాండ్రలో వ్యాపించెను. అయినను మగ్గము మగ్గమే. పన్నా పెంచవలెనన్నచో పన్నెను, అనగా పడుగు దారములను వేఱుపఱచు దువ్వెనవంటి సాధనమును, మార్చవలెను. దానిని పట్టియుండు పలకను, మగ్గపు చట్రమును గూడ మార్చవలెను. అది పేద నేతగానికి పెద్ద వ్యయము.

ఆవిరి మగ్గములు వచ్చిన పిదప మిల్లులవారు కుట్టు బట్టను ఎక్కువగా గజము పన్నాకు, అనగా 36 అంగుళములకు, నేసిరి. గజము పొడుగు, గజము వెడల్పు, లెక్క సులభము. తరువాత 44 అంగుళముల బట్టలును విరివిగా వచ్చినవి. 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున నాడె లేకయే నేయు యంత్రములు వచ్చెను. వీనిలో కొన్ని చిన్న లోహపు ముక్కతోను, కొన్ని గాలి వడితోను, కొన్ని నీటి ధారతోను పేక దారమును ఈ చివరనుండి ఆ చివరకు కొనిపోవును. వీనికి వెడల్పొక కష్టము గాదు. అదే కాలమున సిద్ధముగా కుట్టిన దుస్తుల కర్మాగారములు పెరిగెను. అచ్చట బట్టను పొరలుపొరలుగా పేర్చి ఒక్కమాఱు కోయుదురు. వెడల్పు ఎక్కువయైనకొలది ముక్కలను ఒకదానిప్రక్క నొకటి చక్కగ నమర్చవచ్చును, వృథా తగ్గును. కావున 58, 60 అంగుళముల పన్నాలు వాడుకలోనికి వచ్చినవి.

ఈ నడుమ కొలతలు గూడ మాఱినవి. 1956లో తూనికలు కొలతల చట్టము వచ్చి, 1958 అక్టోబరు 1వ తేదీ మొదలు మెట్రిక్ పద్ధతి క్రమముగా అమలులోనికి వచ్చెను. గజము పోయి మీటరు వచ్చినది. గజమునకు 36 అంగుళములు. మీటరునకు 39 అంగుళములకు పైని మఱి కొంచెము. అయితే పొడుగు మీటర్లలోనికి మాఱినను, పన్నా మాత్రము కొట్లలో అంగుళములలోనే నిలిచినది. ఒకే బట్టకు పొడుగు ఒక శాస్త్రము, వెడల్పు మఱియొక శాస్త్రము! చీటీమీద సెంటీమీటర్లున్నచో ఈ మూడు లెక్కలు జ్ఞాపకముంచుకొనుడు: 36 అంగుళములకు సుమారు 91 సెంటీమీటర్లు, 44 అంగుళములకు 112, 58 అంగుళములకు 147.

ఇక చొక్కా లెక్క. నడితరపు మనిషికి నిండుచేతుల చొక్కాకు 58 పన్నాలో 1.60 మీటర్లు పట్టుననుకొందము. 58ని 1.60తో గుణించి, వచ్చినదానిని మీరు కొను బట్ట పన్నాచే భాగింపుడు. 44 పన్నాకు 2.10 మీటర్లు వచ్చును. 36 పన్నాకు 2.60 మీటర్లకు కొంచెము తక్కువ వచ్చును. ఇది ఉజ్జాయింపు లెక్క. మనిషి భారీగా నున్నను, బట్టకు గళ్ళుగాని చారలుగాని యున్నను, ఇంకను కొంత కావలయును. చేనేత బట్టను తడిపి ఆరవేసిన పిదపనే కోయించుట మేలు. తడిసినపుడు పొడుగేగాక పన్నాయు కొంత ముడుచుకొనును.

ధర విషయమునందును ఇదియే న్యాయము. 36 పన్నా బట్ట మీటరు నూఱు రూపాయలైనచో, 58 పన్నా బట్ట మీటరు నూట అరువదియొక్క రూపాయలైనపుడే రెండును సమానము. ఈ లెక్క వేయక, మీటరు ధరలు మాత్రము పోల్చినచో, చిన్న పన్నా బట్ట అగ్గువయని భ్రమపడుదుము. ఇల్లు చేరి కుట్టించునపుడు చాలక, "చేనేత మోసము" అని నిందింతుము. వాలుగ చేప దవడతో ప్రత్తిని దువ్వి, చేతితో వడికి, చేతితో నేసిన పొందూరు బట్ట పన్నా మిల్లు పన్నాకు తక్కువయైనచో, దానికి కారణము మగ్గపు కొలతయే గాని నేతగాని కపటము గాదు. కొట్టువాడు పన్నా చెప్పవలెను, కొనువాడు అడుగవలెను, కుట్టువాడు అడిగించవలెను. ముగ్గురిలో ఒక్కడు తెలివిగ నున్నను బట్ట చెడదు.

ఆ పెండ్లి జరిగిన మఱునాటినుండి మా తండ్రిగారు ఎవ్వరికిని నోటిమాటగా కొలత చెప్పలేదు. పాత కేలెండరు కాగితములను చింపి, చీటీలుగా చేసి, ప్రతిదానిమీదను రెండు వరుసలు వ్రాసి యిచ్చెడివారు: పెద్ద పన్నాకు ఇంత, చిన్న పన్నాకు ఇంత. చదువురానివారికి ఆ చీటీని కొట్టులో చూపుమని చెప్పెడివారు. మరుసటి సంక్రాంతికి ఆ వృద్ధుడు మరల వచ్చినపుడు, ఆయన అడుగకమునుపే మా తండ్రిగారు మిషను ఆపి, లేచి, చీటీ వ్రాసి చేతికిచ్చిరి. ఈమాఱు ఆయన చిన్న పన్నా ఖద్దరే తెచ్చెను, 2.60 మీటర్లు. చొక్కాకు నిండుచేతులు వచ్చినవి.